క్యారేజీలో అగ్గిపెట్టె

నా చిన్నప్పుడు అని నోరు తెరిస్తే చాలు, మా మనవడు "తాతా, సిగ్నల్ పోతంది" అని ఫోను పెట్టేస్తాడు. వాడుండేది టెక్కలి పట్నంలో, ఇంజనీరింగ్ కాలేజీ పక్కనే. నేనుండేది పలాస దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో, కొబ్బరితోటల మధ్య. ఇక్కడ నాకు నిక్షేపంగా దొరికే సిగ్నలు అక్కడ వాడికి దొరకదట! సరే, వాడు విననిది ఇక్కడ రాస్తున్నాను. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కదా.

వాడి మీద నాకు పీకల దాకా కోపం ఉంది. నలుగురు కుర్రాళ్లు కలిసి ఒక గది తీసుకున్నారు. పొద్దున్న ఏమీ తినరు. మధ్యాహ్నం నూడుల్సు, రాత్రి డబ్బాలో వచ్చే బిర్యానీ, మధ్యలో చిప్సు. మా కోడలు కూరలు చేసి పంపితే డబ్బాల్లోనే బూజు పట్టి తిరిగొస్తాయి. పోయిన నెల ఇంటికొచ్చి మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాడు. డాక్టరు బీపీ చూసి, ఇంత చిన్న వయసులో ఇదేమిటన్నట్టు వాడి వంక చూశాడు, తర్వాత నా వంక చూశాడు. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానం వాళ్లకు ఆ చూపు అర్థం చెప్పనక్కర్లేదు. ప్రతి వీధిలో ఎవరో ఒకరు ఆ చూపు చూసొచ్చినవారే. వాడు మాత్రం "ఏటీ లేదు తాతా, స్ట్రెస్" అన్నాడు. నేను అరిచాను. గోడకు చెప్పినా ఒకటే, వాడికి చెప్పినా ఒకటే.

నిజం చెప్పాలంటే ఆ కోపంలో సగం నా మీద నాకే. ఆ వయసులో నేను వీడి కంటే ఘనుణ్ణేమీ కాదు.

నేను టెక్కలిలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో హాస్టల్లో చోటు దొరకలేదు. ఒక ఇంటి వెనక చిన్న గది అద్దెకు తీసుకున్నాను. ఆ ఇంటామెను అప్పా అని పిలిచేవాణ్ణి. మా వైపు అక్కను అలాగే పిలుస్తాం. ఆమెకు ఒక గేదె ఉండేది. ఈ కథలో ఆ గేదె సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి.

అప్పట్లో మా ఊళ్ల నుంచి టెక్కలి వచ్చి చదువుకునే పిల్లలకు అన్నం బస్సులో వచ్చేది. తొలి బస్సు అందుకోవడానికి తల్లులు చీకటితో లేచి వండి, నాలుగు గిన్నెల క్యారేజీ సర్ది, కండక్టరు చేతికిచ్చేవారు. బస్టాండులో క్యారేజీలన్నీ వరసగా దించితే ఎవరిది వారు తీసుకోవాలి. గుర్తుకోసం మా నాన్న మా క్యారేజీ మూత మీద నీలం రంగు చుక్క పెట్టాడు. సాయంత్రం బస్సుకు ఖాళీ క్యారేజీ కడిగి వెనక్కి పంపేయాలి.

అందులో వచ్చేదేమిటి? చోడి అంబలి, అంటే రాగి జావ, దంపుడు బియ్యం అన్నం, ములగాకు పప్పు, ఆనపకాయ పులుసు, ఎప్పుడైనా నాలుగు ఎండు నెత్తళ్ల చేపలు. వాటిని చూస్తే నాకు ఏడుపొచ్చేది. పట్నం కుర్రాళ్లు బస్టాండు దగ్గర హోటల్లో పరోటాలు, బజ్జీలు తిని, సోడా కొట్టించుకుని తాగుతుంటే నేను వాళ్ల ముందు ఆకులు నమలాలా? వాళ్లతో పాటు హోటల్లో తినేసి, క్యారేజీని తిన్నగా తీసుకెళ్లి గేదె కుడితి తొట్టిలో బోర్లించేవాణ్ణి. అయిదారు నెలలు అదే వరస. గేదె నిగనిగలాడింది. నా నోరు పూసింది, కడుపు బిగిసింది, మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. చివరికి ఒకరోజు కెమిస్ట్రీ క్లాసులో నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పడిపోయాను.

డాక్టరు చూసి రోగమేమీ లేదు, తిండి సరిగా లేదన్నాడు. కబురందుకుని అమ్మా నాన్నా వచ్చారు. నాన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "సదువూ వొద్దు, ఏటీ వొద్దు. ఇంటికొచ్చీ. తోటకి నీల్లు కట్టుకుందువు గాని" అన్నాడు. మా ఇంట్లో పదో తరగతి దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. మేష్టరు కావాలని నా కోరిక. నాన్న కాళ్లు పట్టుకున్నాను. అమ్మ అడ్డుపడి, నెలాఖరు దాకా చూద్దాం, అప్పటికీ ఇలాగే ఉంటే తీసుకుపోదాం అని గడువడిగింది. నాన్న సరేనన్నాడు.

వెళ్లబోతూ అమ్మ కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లింది. కుడితి తొట్టిలో ములగాకు పప్పు తేలుతోంది. అది తన చేతి వంటేనని ఆమెకు ఒకరు చెప్పాలా? నేను తలుపు దగ్గర నుంచి చూస్తున్నాను. ఆమె తిట్టలేదు, నాన్నతో చెప్పలేదు. అప్పతో రెండు ముక్కలు గొంతు తగ్గించి మాట్లాడి బస్సెక్కింది.

సోమవారం క్యారేజీ వచ్చింది. బుద్ధిగా తిందామని మూత తీశాను. పై గిన్నెలో ఒక అగ్గిపెట్టె ఉంది. రెండో గిన్నెలో చారెడు పెసరపప్పు, రెండు ఎండు మిరపకాయలు, ఉప్పు, పసుపు పొట్లాలు. మూడో దాంట్లో ములగాకు, రెమ్మలతో సహా. అడుగున బియ్యం!

క్యారేజీలు మారిపోయాయనుకున్నాను. ఎవరికో పంపిన సరుకులు నాకొచ్చాయని బస్టాండుకు పరిగెత్తి, మా చుక్కలాగే కనిపించే ఆకుపచ్చ చుక్క క్యారేజీ కుర్రాడితో కొట్లాట పెట్టుకున్నాను. కండక్టరు మా ఇద్దరినీ విడదీసి, "ఏటి బాబూ, మీ యమ్మే నా సేతికిచ్చింది. ఈ నీలం సుక్క మీది కాదేటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు. నా తల తీసేసినట్టయింది.

అప్ప దగ్గరకెళ్లి వండిపెట్టమని బతిమాలాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండా, "మీ యమ్మ నా సేత ఒట్టేయించుకుంది. గిన్ని ముట్టను. నోటితో ఎంత కావలిస్తే అంత సెప్తాను. సేసుకో" అంది.

ఆ రోజు నాకు మా అమ్మ మీద వచ్చినంత కోపం జన్మలో ఎవరి మీదా రాలేదు. కన్నతల్లేనా అనుకున్నాను. పెరట్లో మూడు ఇటుకలు పేర్చి, కొబ్బరి మట్టలు ఎగదోశాను. మంట లేదు, పొగే. కళ్లూ ముక్కూ కారిపోతున్నాయి. నిమిషానికోసారి మూత తీసి చూడటం, నీళ్లు పోయడం, మళ్లీ మూత తీయడం. రెండు గంటల తర్వాత దించితే అన్నం అడుగున బొగ్గు, మధ్యలో జావ, పైన పలుకు. పప్పు గులకరాళ్లలా ఉంది. ఆకు కడగలేదేమో, ఇసుక పళ్ల కింద కరకరలాడింది.

విసుగెత్తి గిన్నె పట్టుకుని అలవాటు కొద్దీ తొట్టి దగ్గరకెళ్లాను. గేదె మెడ చాచింది. నా చెయ్యి వంగలేదు. ఎంత ప్రయత్నించినా వంగలేదు. ఆ పొగలో అంతసేపు ఏడ్చి వండిన అన్నం దానికెందుకు పొయ్యాలి? అక్కడే చతికిలబడి, మాడు గీకి మరీ తిన్నాను. అంత దిక్కుమాలిన భోజనం నేను మళ్లీ చెయ్యలేదు. ఒక్క మెతుకు మిగల్చలేదు కూడా.

మర్నాడూ బియ్యమే. ఆ మర్నాడూ బియ్యమే. మొదటి గంట క్లాసులు పోయాయి, చొక్కాలన్నీ పొగ కంపు. తోటివాళ్లు వంటమేస్త్రీ అని పేరుపెట్టారు. నాలుగో రోజు కాబోలు, మళ్లీ మూత మీద చెయ్యి వేయబోతే అప్ప కసిరింది.

"ఎన్నిసార్లు తీత్తావురా? ఆవిరంతా పోనాక బువ్వెలాగుడుకుద్ది? కల్లతో కాదు, సెవితో సూడు. కుతకుతమంటే నీల్లున్నాయన్నమాట. గుసగుసమన్నాదా, మంట లాగీ. సిటపటమన్నాదంటే నీ బువ్వ మాడినట్టే."

ఆ రోజు పొయ్యి పక్కన చెవొగ్గి కూర్చున్నాను. మూత తియ్యలేదు. గుసగుసలు మొదలవగానే మట్టలు బయటికి లాగేశాను. కాసేపాగి దించితే అన్నం, నిజంగా అన్నమే, పువ్వుల్లా విడివిడిగా ఉంది. గట్టిగా అరిచాను. అప్ప తొంగిచూసి, "ఆ, ఇకన ఆకు ఒలవడం నేర్సుకో" అని లోపలికి పోయింది.

నెలాఖరు శనివారం ఒక పని చేశాను. మధ్యాహ్నం అన్నం, ములగాకు పప్పు వండి, నేను తిన్నంత తిని, మిగతాదంతా నాలుగు గిన్నెల్లో సర్ది, సాయంత్రం బస్సుకు అందించాను. రోజూ ఖాళీగా వెళ్లే క్యారేజీ కదా, కండక్టరు ఎత్తి చూసి అనుమానంగా నా వంక చూశాడు. నేనూ అదే బస్సెక్కాను. ఒళ్లో పెట్టుకోవచ్చు గాని, ఎందుకో అది తన దారినే వెళ్లాలనిపించింది.

నాన్న పీటేసుకుని కూర్చున్నాడు. అమ్మ వడ్డించింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. నాన్న పప్పు కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు. "ఉప్పు సాల్లేదు" అన్నాడు. ఇంకాస్త వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కునేటప్పుడు, "సోమవారం తొలి బస్సుకి ఎల్లిపో. క్లాసులు పాడుసేసుకోకు" అన్నాడు. నా చదువు నిలబడింది.

రాత్రి అమ్మ పక్కన చేరి, ఇన్నాళ్లూ దాచుకున్న కోపంతో అడిగేశాను, ఎందుకలా చేశావని. ఆమె నా చేతి మీద కాలిన మచ్చలు తడుముతూ, "నాను వొండింది గేదికి పోసినావు. నువ్వు వొండింది పొయ్యగలిగినావేటి?" అంది. అంతే. సోమవారం క్యారేజీలో కంద పంపింది. చేతులు రెండు రోజులు దురద పెట్టాయి.

తర్వాత మేష్టరునయ్యాను, ఎన్నో ఊళ్లు తిరిగాను. ఎక్కడున్నా నా అన్నం నేను వండుకోగలిగాను. ఇవాళ్టికీ మా ఇంట్లో పొయ్యి మీద గిన్నె ఉంటే నా చెవి అటే ఉంటుంది. కోడలు పక్కగదిలో ఉంటే కేకేసి చెబుతాను, మంట తగ్గించమని. ఆ కళ్లు పోయాయి, కళ్లద్దాలు వచ్చాయి. చెవి మాత్రం అప్పది, అమ్మది, అలాగే ఉంది.

పోయిన వారం ఆ పాత క్యారేజీ అటక మీద నుంచి దింపాను. నీలం చుక్క సగం చెరిగిపోయింది. బియ్యం, పెసరపప్పు, ములగాకు, ఉప్పు ఒక్క చిటికెడు, అగ్గిపెట్టె సర్దాను. బస్సులో టెక్కలి వెళ్లి మనవడి చేతిలో పెట్టి, మూత తియ్యకు, చెవితో విను అని మాత్రం చెప్పాను. వాడు తెరిచి చూసి, "తాతా, అగ్గిపెట్టెందుకు? మాది కరెంటు స్టవ్" అన్నాడు. వాడి స్నేహితులు ఫోటోలు తీసుకున్నారు. ఒళ్లు మండి తిరిగొచ్చేశాను. నాలుగు రోజులు ఫోను లేదు. నేనూ చెయ్యలేదు.

నిన్న మధ్యాహ్నం మోగింది. ఎత్తితే మాటలేదు, ఏదో చప్పుడు. తిట్టబోయాను.

"తాతా, మూత తియ్యలేదు. ఇనబడతందా?" అన్నాడు.

ఫోను చెవికి గట్టిగా అదుముకున్నాను. కుతకుత. "ఇంకా ఉంది, దించకు" అన్నాను. కుతకుతలు మెల్లగా గుసగుసల్లోకి దిగాయి. తగ్గించమన్నాను. ఇంకొంచెం ఆగి, ఆపెయ్యమన్నాను.

సిగ్నలు ఒక్క క్షణం కూడా పోలేదు.