పూజకెళ్లిన పియొనీ

ఐర్లండులోని నేస్‌లో మేము కొన్న ఇంటికి వెనక తోట దక్షిణం వైపు ఉంది. ఇల్లు చూపించిన ఏజెంటు అందుకే ఎండ బాగా వస్తుందని మూడుసార్లు చెప్పాడు. నేను పుట్టి పెరిగింది రెంటచింతలలో. ఎండ ఉందని ఇల్లు కొనుక్కోమంటే నవ్వొచ్చింది. మా వైపు నీడ ఉంటే కొంటారు.

ఇక్కడ ఎండ ఎంత అపురూపమో తర్వాత తెలిసింది. దానికి తగ్గ మొక్కల్ని ఎంచడం పెళ్లిసంబంధాలు చూసినంత పని. మొదటి ఏడు బంతినారు పెడితే నత్తలు ఆకులన్నీ భోంచేసి కాడలు మిగిల్చాయి. చీటీ మీద 'పూర్తి ఎండ' అని ఉందని లావెండర్ తెచ్చి, ఊరి అలవాటు కొద్దీ రెండు పూటలా నీళ్లు పోసి చంపాను.

"వాన ఉండగా మధ్యలో నువ్వెందుకు?" అంది పక్కింటావిడ, గోడ మీదుగా చూసి.

ఆవిడకి డెబ్బై దాటాయి. ఒంటరి మనిషి. దేన్నయినా 'గ్రాండ్' అంటుంది, వానని కూడా. తోటపనిలో నాకు ఆవిడే గురువు. ఏ ఏటికా ఏడు నాటుకోవడానికి కాస్మోస్, పాన్సీలు, నాటిన చోటే ఏటేటా మళ్లీ పూసేందుకు లుపిన్, గోడవార పొదలా పెరగడానికి ఫ్యూషియా, అన్నీ ఆవిడ ఎంపికే. మూడేళ్ల కిందట తన తోటలోని పియొనీ పూలమొక్క దుంప చీల్చి ఒక ముక్క ఇచ్చింది. వాళ్లమ్మ నాటిన మొక్కట.

"ఎండ బాగా తగిలే చోట పెట్టు. లోతుగా పాతకు. ఇక కదపకు. కొన్నేళ్లు అలుగుతుంది, తర్వాత గ్రాండ్."

నిజంగానే అలిగింది. రెండేళ్లు ఆకులు తప్ప ఏమీ లేవు. మూడో ఏడు మే నెలలో ఒకే ఒక్క మొగ్గ వేసింది. అది నిమ్మకాయంతయి, గులాబిరంగు బయటికి కనిపించేదాకా ఆవిడా నేనూ గోడకి అటూ ఇటూ నిలబడి రోజూ చూసుకున్నాం. "శుక్రవారానికి విచ్చుకుంటుంది. టీకి వస్తాను, దగ్గరగా చూడాలి" అంది. ఆవిడ చేతిలో పెరిగిన మొక్క నా చేతిలోనూ పూసిందని చూపించాలని నాకు చెప్పలేనంత ఆశగా ఉండేది.

మా అత్తయ్య ఇండియాలో వేసవి తప్పించుకోవడానికి మా దగ్గరికొచ్చి అప్పటికి నెలయింది. ఆవిడ పూజంతా వంటింటి ప్రెస్సులో. అల్మరాని ఇక్కడ ప్రెస్సంటారు. ఒక తలుపు తీస్తే దేవుళ్లు, పక్క తలుపు తీస్తే కందిపప్పు. రోజూ నేను లేచేసరికి తోట బోడిగుండయ్యేది. "దేవుడికి పెట్టని పువ్వు అడవిగాచిన వెన్నెలేనమ్మా" అనేది. నాకు ఉక్రోషం వచ్చినా మింగేసేదాన్ని.

శుక్రవారం పొద్దున కాఫీ కప్పుతో వెనక తలుపు తీశాను. పియొనీ మొక్కకి మొగ్గ లేదు. ప్రెస్సులో లక్ష్మీదేవి ముందు, ఇత్తడి చెంబులో ఉంది.

"చెట్టుకి ఒక్కటైనా ఉంచాలని మీరే అంటారుగా అత్తయ్యా!"

"ఉన్నదే ఒకటైతే అమ్మవారికేగా అమ్మా. చీమలు పట్టి ఉంటే దులిపి మరీ పెట్టా."

ఆ 'దులిపి మరీ' అన్న మాటకి నాకు ఒళ్లు మండింది. "అడక్కుండా కోసుకోడానికి ఇదేం మీ ఇల్లు కాదు" అనేశాను.

అత్తయ్య అగరొత్తి పూర్తిగా వెలిగిందో లేదో చూసుకుని, గదిలోకి వెళ్లిపోయింది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకున్నాను గానీ, వెనకాల వెళ్లడానికి పొగరు అడ్డొచ్చింది.

మధ్యాహ్నం నుంచి గాలివాన. మూడింటికి పక్కింటావిడ తడిసిన కోటుతో వచ్చింది. గుమ్మంలోనే జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ మొహం ఎలా మారుతుందోనని భయం.

"ఇప్పుడెక్కడుంది?" అంది.

ప్రెస్సు తలుపు తీశాను. వంటింటి వెచ్చదనానికి మొగ్గ పూర్తిగా విచ్చుకుంది. పళ్లెమంత పువ్వు, వంటిల్లంతా వాసన. ఆవిడ వంగి దగ్గరగా చూసింది.

"మా తోటలో విచ్చినవన్నీ ఈ గాలివానకి బురదలో బోర్లా పడ్డాయి. ఏటా ఇంతే" అంది. తర్వాత నెమ్మదిగా, "మే నెలంతా మా ఇంట్లో మేరీమాతకి పూలు పెట్టేవాళ్లం. మొదటి పియొనీ మా అమ్మే కోసేది. అమ్మ పోయాక మానేశాను. దీన్ని కోసిందెవరు?" అని అడిగింది.

అత్తయ్యని పిలిచి, ఆవిడ మాటలన్నీ తెలుగులో చెప్పాను.

"వదినగారికి కోపం లేదుగా?" అంది అత్తయ్య, పక్కింటావిడ వైపు చూసి.

వదినగారు అత్తయ్య చెయ్యి పట్టుకుని వాన తగ్గగానే తన తోటలోకి నడిపించింది. నేను వెనకాలే వెళ్లాను. ఇంకా విచ్చని మొగ్గలు రెండు మిగిలాయి. కత్తెర అత్తయ్య చేతికిచ్చింది. అత్తయ్య ఆవిడ వైపు కాకుండా నా వైపు చూసింది.

"అమ్మాయ్, కొయ్యొచ్చా?"

పదమూడేళ్ల కోడలరికంలో అత్తయ్య నన్ను అనుమతి అడగడం అదే మొదలు. అదీ పక్కింటివాళ్ల పువ్వుకి. సిగ్గుతో చచ్చిపోయాను.

"కొయ్యండత్తయ్యా. పొద్దున నేనన్నది తప్పు. మనింట్లోవి కూడా మీ ఇష్టం, నన్నడగొద్దు."

అత్తయ్య తలూపింది. రెండూ కోసి, ఒకటి పక్కింటావిడ చేతిలో పెట్టి "మీ అమ్మవారికి" అంది. తెలుగులోనే అంది. నేను తర్జుమా చేయబోతే అక్కర్లేదన్నట్టు పక్కింటావిడ చెయ్యి ఊపింది.

అయినా నాకు ఆ రాత్రంతా దిగులే. క్షమించిందో లేదో అత్తయ్య మొహం చూసి చెప్పడం కష్టం.

మర్నాడు పొద్దున కాఫీ కప్పుతో వెనక తలుపు తీశాను. పాన్సీలు లేవు, లుపిన్లు లేవు. తోట మొత్తం మీద ఒక్క పువ్వు మిగల్లేదు.

హమ్మయ్య అనుకున్నాను.