మగ్గం గదిలో పడమటి కిటికీ

ఇల్లు కట్టుకునేవాళ్లు ఈమధ్య నన్ను సలహా అడుగుతున్నారు. ముసలిదాన్ని, దగ్గరుండి ఒక ఇల్లు కట్టించినదాన్ని, పైగా నోరు ఊరుకోదు. అడక్కపోయినా చెబుతాను. ఇటుక బాగా నానందే గోడకు ఎక్కించనివ్వకండి. పొడి ఇటుక సున్నంలో తడంతా పీల్చేస్తుంది. మేస్త్రీ తొందరపెట్టాడని తడిపిన సున్నాన్ని ఆ రోజే వాడితే ఆరు నెలల్లో గోడంతా బొబ్బలెక్కుతుంది. తాటిదూలం చేవ తేలిన ముదురు చెట్టుదై ఉండాలి. నేల ఎత్తు ఎంత పెట్టాలో మేస్త్రీని అడగొద్దు. వీధిలో పాతగోడల మీద వాననీటి చార ఉంటుంది, దానికి మూరెడు పైన పెట్టుకోండి.

ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నాకు తప్ప ఇంకెవరికీ తెలియని సలహా ఒకటుంది. అది చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి.

మాది ఉయ్యూరుకు దిగువన నేతపనివాళ్ల వీధి. నేను కాపురానికి వచ్చేనాటికి ఇంట్లో నలుగురం. మామగారు నేసేవారు. అత్తగారూ నేనూ కండెలు చుట్టేవాళ్లం, అంటే మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు చుట్టలు. మా ఆయన చీరలు మూటగట్టుకుని బెజవాడ వెళ్లి అమ్ముకొచ్చేవారు. ఇల్లు తాటాకుది, నేల మట్టిది. ఆ నేలలోనే మగ్గం గుంట. నేసే మనిషి గుంట అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి మగ్గం చెక్కలు తొక్కాలి. కాలువలకు నీళ్లు వదిలి, పైన వానలు కూడా పట్టుకున్నాయంటే గుంటలో నీరు ఊరేది. చెంబులతో తోడి పోసినా తెల్లారేసరికి మళ్లీ మోకాలి లోతు. శ్రావణ భాద్రపదాల్లో మగ్గం నడిచిన రోజులకన్నా ఆగిన రోజులే ఎక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన మరుసటి ఏడు వేసవిలో ఇల్లు తిరగగట్టాం. సిమెంటు దొరికే రోజులు కావు కనక అంతా సున్నంతోనే. పెంకులు బెజవాడ నుంచి కాలువ మీద పడవలో వచ్చాయి. ఆ పెంకులకు నా కాసులపేరు వెళ్లింది. నేనే మెళ్లోంచి తీసి ఇచ్చాను, ఎవరూ అడగలేదు. నేల మూడడుగులు లేపి, ఇసుకా ఇటుకముక్కలూ పోసి దిమ్మిస కొట్టించాం. మగ్గం గుంటకు చుట్టూ, అడుగునా ఇటుక కట్టి సున్నం పూయించాం.

కిటికీ మాత్రం నా ముచ్చట. మగ్గం గదికి పడమటి గోడలో, మనిషెత్తు కిటికీ, రెండు చెక్క రెక్కలతో. వెలుతురు వస్తుంది, మామగారి కళ్లకు మంచిదని అందరికీ చెప్పాను. నిజానికి అది నాకోసం. దాని పక్కన పీట వేసుకుని కండెలు చుడుతుంటే వీధి అంతా కనిపించేది, గాలి ఒంటికి తగిలేది. మా వీధిలో అలాంటి కిటికీ ఇంకో ఇంటికి లేదు. నేను పొంగిపోయాను.

ఆ ఏడు వానాకాలంలో గుంటలో చుక్క నీరు లేదు. భాద్రపదంలో కూడా మగ్గం ఆడింది. మామగారు వచ్చినవాళ్లందరినీ గదిలోకి తీసుకెళ్లి, "మా కోడలి ఆలోచనండీ ఇదంతా" అని చూపించేవారు.

చైత్రం వచ్చేసరికి పడుగు పోగులు, అంటే మగ్గానికి నిలువుగా కట్టే దారాలు, పటపట తెగడం మొదలైంది. తెగిన పోగు అతికేలోగా పక్కది తెగేది. మా ఆయన రేషన్ మీద ఇచ్చే కంట్రోలు నూలును తిట్టారు. ఎదురింట్లోనూ అదే నూలు, అక్కడ తెగడం లేదు. మామగారు పొద్దున్నే గుంటలో నీళ్లు చిలకరించేవారు, కాసేపట్లోనే ఆరిపోయేవి. ఒకరోజు ఆయన కిటికీ రెక్కలు దగ్గరకు వేశారు. నేను వంటింట్లోంచి వచ్చి, ఉక్కపోస్తోందని మళ్లీ తెరిచాను. ఆ తర్వాత ఆయన వాటిని ముట్టుకోలేదు.

కొన్నాళ్లకు, "నూలుదేం లేదురా, నా చెయ్యే పోయింది" అని మగ్గం దిగేశారు. నలభై ఏళ్లు నేసిన మనిషి కిటికీ దగ్గర మా పక్కన కూర్చుని కండెలు చుట్టడం మొదలుపెట్టారు. దారిన పోయేవాళ్లు పలకరిస్తే నవ్వి అదే మాట చెప్పేవారు.

ఆ రోజుల్లోనే నేను ఏదో పని మీద ఎదురింటికి వెళ్లాను. వాళ్ల గుంటలో చెయ్యి పెడితే మట్టి చల్లగా, చెమ్మగా తగిలింది. గదికి చిన్న గూడంత కిటికీ, అదీ తూర్పున. నాకు అప్పుడే అర్థమైంది. గంజి పెట్టిన పోగుకు చెమ్మ కావాలి. కింది మట్టిని నేను సున్నంతో కప్పాను, పక్కనుంచి పొడి పడమటిగాలిని పిలిచాను. మా నాన్నా నేతగాడే, నాకు ముందే తెలిసుండాల్సింది.

అందుకే చెబుతున్నాను: ఇల్లు బాగుచేయించే ముందు ఆ ఇంట్లో ఏ పని చేసి బతుకుతున్నారో, ఆ పనికి ఏం కావాలో చూడండి. నేను తర్వాత ఆ కిటికీని ఇటుకతో మూయించాను, గుంటలో సున్నం గీకించి, ఇటుక తీయించి మట్టి తేల్చాను. మామగారు మళ్లీ మగ్గమెక్కి చాలా ఏళ్లు నేశారు. కాని ఎదురింట్లో అర్థమైన సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు నెల పట్టింది. ఆ నెలంతా ఆయన నా పక్కనే కండెలు చుట్టారు, నేను కిటికీ దగ్గరే కూర్చున్నాను.

చివరికి మా ఆయన మగ్గం విప్పించేద్దామని వడ్రంగిని పిలవడానికి వెళ్లారు. తలుపు చాటునుంచి, "మామయ్యగారూ, మగ్గం విప్పించకండి. మీ చెయ్యి బాగానే ఉందండీ. ఆ కిటికీ వల్లే పోగులు తెగుతున్నాయి" అన్నాను.

ఆయన చేతిలో కండె ఆపలేదు. "తెలుసమ్మా" అన్నారు.

"తెలిసి చెప్పలేదేమండీ?"

"నీ మెళ్లో బంగారం తీసి కట్టిన కొంప. అందులో నీకిష్టమైన కిటికీ మూసెయ్యమని నేనెట్టా చెబుతానమ్మా?"

"అయ్యో, నా బంగారంతో కట్టిన ఇల్లని నేనెప్పుడన్నా అన్నానా అండీ?" అంటూ ఏడ్చేశాను.

"లేదమ్మా, అన్లేదు" అన్నారాయన.

అనలేదు, నిజమే. ఆ నెల రోజులూ కిటికీ పక్కన కూర్చుని నేను మనసులో అనుకుంటున్నది మాత్రం సరిగ్గా ఆ మాటే.