సేవావారం శాలువా

నీటి సరఫరా ఆఫీసులో తవిటయ్య ఫిట్టరు. ఇరవై ఎనిమిదేళ్లుగా పైపుల మధ్యే బతుకుతున్నాడు. ఏ సందులో ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో కాగితం చూడకుండా చెప్పగలడు. మాట తక్కువ. ఎవరైనా పలకరిస్తే ముందు చేతులు తుడుచుకుంటాడు, ఆ తరవాతే జవాబిస్తాడు.

ఆ ఆఫీసులో ఏటా అక్టోబరులో సేవావారం జరుపుతారు. ఉద్యోగులంతా ఒక రోజు జీతం ఇస్తారు. ఇస్తామని ఎవరూ రాసివ్వనక్కర్లేదు. ఇవ్వలేనివాళ్లే కారణం రాసి కాగితం పెట్టాలి. ఆ కాగితం నాలుగు బల్లలు దాటి పైకి వెళ్లాలి కాబట్టి ఇంతవరకూ ఎవరూ పెట్టలేదు. శనివారం నాడు బస్సు మాట్లాడుకుని, ఆ ఏడు ఎంచుకున్న ఆశ్రమానికి వెళ్లి, దుప్పట్లూ పళ్లూ పంచి, ఫొటోలు దిగి వస్తారు.

ఈ ఏటి ఆశ్రమం పేరు నోటీసు బోర్డు మీద చదివి తవిటయ్య అక్కడే నిలబడిపోయాడు. పెందుర్తి దాటాక ఉండే వృద్ధుల ఆశ్రమం అది. అందులో అతను అప్పా అని పిలిచే తోడబుట్టిన అక్క దేముడమ్మ ఉంది. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆమె అతని అప్ప అన్న సంగతి ఆశ్రమంవాళ్లకీ తెలియదు.

దేముడమ్మ అతనికంటే పన్నెండేళ్లు పెద్ద. తల్లి పోయాక ఎలమంచిలి దగ్గర ఊళ్లో కోతలకీ ఊడ్పులకీ పోయి తమ్ముణ్ని ఐటీఐ దాకా చదివించింది. పెళ్లయి, పిల్లలు లేకుండానే భర్త పోతే, మల్కాపురంలో తమ్ముడి దగ్గరికి వచ్చేసింది. అయిదేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. ముందు కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. తరవాత పొయ్యి ఆర్పడం మరిచిపోయేది. ఆపైన, పొలానికి వెళ్తున్నానని చెప్పి ఆయిల్ ట్యాంకర్లు తిరిగే రోడ్డు మీదికి నడిచిపోయేది. ఒకసారి ఒక డ్రైవరు బండి ఆపి, దిగి, చెయ్యి పట్టుకుని ఇంటికి తెచ్చి అప్పజెప్పాడు.

"నాను బట్టలు కుట్టుకోవాలా, ఈవిడ ఎనకాల తిరగాలా?" అంది తవిటయ్య భార్య రోజారమణి. "రేపు ఏ లారీ కిందో పడితే నువ్వు నన్నే కదా అడుగుతావు!"

ఆ మాటలో తప్పు పట్టడానికి అతనికేమీ కనిపించలేదు.

డబ్బు తీసుకునే చోట్లకి అతని జీతం చాలదు. ఈ ఆశ్రమం ఉచితం, కాని ఎవరూ లేనివాళ్లనే చేర్చుకుంటారు. తవిటయ్య ఆమెను ఆటోలో తీసుకెళ్లి, రైల్వే స్టేషన్లో దిక్కులేకుండా కూర్చుని ఉంటే తెచ్చానని చెప్పాడు.

చెప్పి వచ్చాక చూడకుండా ఉండలేకపోయాడు. చుట్టంగా వెళ్లడానికి లేదు కనక పనివాడిగా వెళ్లాడు. నెలకో ఆదివారం పనిముట్ల సంచీతో పోయి, కారే కొళాయిలకి వాషర్లు మార్చి, ట్యాంకు కడిగి, ఆ వంకన వరండాలో ఆమె పక్కన కాసేపు కూర్చునేవాడు. "సిన్నోడా, ఇంటికెల్దుం" అనేది ఆమె. "వచ్చే నెల అప్పా" అనేవాడు గొంతు తగ్గించి. వెళ్లేటప్పుడు వార్డెను గౌరీశ్వరి టీ ఇచ్చి, మీలాంటి మంచివాళ్లు అరుదండీ అనేది. ఆ టీ తాగడం అతనికి ట్యాంకు కడగడం కన్నా కష్టంగా ఉండేది. అలా మూడేళ్లు గడిచాయి.

సేవావారం ఏర్పాట్లన్నీ సూపరింటెండెంటు సూర్యకళవి. ఆవిడ ఆశ్రమానికి ఫోను చేస్తే గౌరీశ్వరి తవిటయ్యను మెచ్చుకుంటూ అంతా చెప్పేసింది. మర్నాడు పొద్దున్నే సూర్యకళ స్టోరుగదికి వచ్చింది.

"ఎంత గుంభనమండీ మీది తవిటయ్యగారూ! మూడేళ్లుగా ఫ్రీగా చేస్తున్నారట. ఒక్కరికైనా చెప్పారా?"

"సెలవునాడు కాలీగా ఉండలేక, మేడం."

"అలా అంటే కుదరదు. ఈసారి మొదటి దుప్పటి మీ చేత్తోనే ఇవ్వాలి. ఇంజనీరుగారు మీకు శాలువా కప్పుతారు."

"ఆ రోజు నాకు పంపుహౌసు డ్యూటీ."

"మార్పించేశాను."

పక్కనున్న తోటి ఫిట్టరు పోలిరాజు పైపు మీద రెంచీతో తాళం వేశాడు. "మా కాడ టీ డబ్బులు ఎగ్గొట్టి అక్కడ పున్నెం కూడబెడతన్నావేటి బావా!"

అందరూ నవ్వారు. తవిటయ్య చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ రాత్రి రోజారమణి, "జొరమని సెప్పి మానీ" అంది.

"మానేత్తే ఇంకా ఆరా తీత్తారు."

"మరి అందరి ముందూ ఆవిడ పిలిస్తే? ఆళ్లు పంపించేత్తే?"

అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

శనివారం వరండాలో ప్లాస్టిక్ కుర్చీలు వరసగా వేసి ముసలివాళ్లను కూర్చోబెట్టారు. ఇంజనీరుగారు శాలువా కప్పారు. తవిటయ్య దుప్పటి తీసుకుని ఆ చివరికి నడవబోతే గౌరీశ్వరి ఆపింది.

"దేముడమ్మకివ్వండి. మీరంటే ప్రాణం ఆవిడకి."

దేముడమ్మ దుప్పటివైపు చూడలేదు. "సిన్నోడా, కోతలయిపోనాయా? ఇంటికెల్దుం" అంది.

"ఈయన కనిపిస్తే ఇదే మాటండీ. పాపం, తమ్ముడో ఎవరో ఉండేవాడు కాబోలు" అంది గౌరీశ్వరి.

సూర్యకళకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఫోను పైకెత్తి పట్టుకుంది. "ఎల్దుం అనండి తవిటయ్యగారూ. పెద్దావిడ సంతోషిస్తుంది."

మూడేళ్లలో ఆ ఒక్క మాట అతను అనలేదు. అందరూ చూస్తున్నారు.

"ఎల్దుం అప్పా" అన్నాడు.

చప్పట్లు కొట్టారు.

పళ్లు పంచడం అయింది, ఫొటోలు అయ్యాయి. బస్సు హారన్ కొట్టేసరికి దేముడమ్మ చంకలో బట్టల మూటతో అతని పక్కన నిలబడి ఉంది. చొక్కా అంచు గుప్పిట పట్టుకుంది. ఆయా వచ్చి, సారు ఆఫీసుకెళ్లాలమ్మా అంటూ లాగింది. దేముడమ్మ వదల్లేదు.

"ఎల్దుం అన్నాడు గదా" అంది, సాక్ష్యం అడుగుతున్నట్టు చుట్టూ చూస్తూ.

ఆయా ఆమె వేళ్లను ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది.

"మళ్లీ వత్తానని సెప్పి బస్సెక్కీ బావా" అన్నాడు పోలిరాజు.

అదేమీ కష్టం కాదు. నెలనెలా చేస్తున్నదే. కాని ఆమె చూపుడు వేలు వెనక్కి వంగడం అతనికి కనిపించింది.

"ఆగమ్మా, ఏలు ఇరిగిపోతాది. ఆవిడ మా అప్ప."

"మనకందరూ అప్పలే బావా" అని నవ్వాడు పోలిరాజు.

"కాదు. మా యమ్మ కన్న అప్ప. టేసన్లో దొరికిందని అబద్దమాడి నానే ఇక్కడెట్టాను."

పోలిరాజు నవ్వు ఆగిపోయింది. ఇంజనీరుగారు వాచీ చూసుకుని కారువైపు నడిచారు. గౌరీశ్వరి తవిటయ్య ముందుకొచ్చి నిలబడింది.

"ఈ మంచం కోసం పదకొండుమంది ఎదురుచూస్తున్నారు" అంది. "వాళ్లకి నిజంగానే ఎవరూ లేరు. మీ మాట నమ్మి వాళ్లకి లేదన్నాను."

అతను తల వంచుకున్నాడు. "ఉంచమని అడగను మేడం."

శాలువా తీసి మడతపెట్టి సూర్యకళకు చాపాడు. ఆమె తీసుకోలేదు, ఉంచుకోమనీ అనలేదు. చేతిలోని ఫోను సంచీలో పడేసి, బస్సెక్కి, ముందు సీటులో ఉన్న ఖాళీ పళ్లబుట్టలు తీసి కిందపెట్టింది. దేముడమ్మ కిటికీ పక్కన కూర్చుంది. మొహం విప్పారి ఉంది. బస్సు పెందుర్తి దాటింది. వెనక ఎవరో కమలాపండు ఒలుస్తున్న వాసన వచ్చింది.

తవిటయ్య ఇంటికి ఫోను చేశాడు. "అప్పని తెత్తన్నాను."

అవతల కుట్టుమిషను చప్పుడు ఆగింది.

"ఎన్నాళ్లకి?"

"ఇంక అంతే."

రోజారమణి ఫోను పెట్టెయ్యలేదు.

"సరే, తీసుకురా" అంది. "రేపంటే ఆదోరం, నువ్వుంటావు. సోమారం పొద్దున్న నువ్వు డ్యూటీకెల్తే ఏటి సెయ్యాల?"

తవిటయ్య ఫోను చెవికి ఆనించుకునే, రెండో చేత్తో కిటికీ అద్దం కిందికి దించి మూశాడు, అప్ప చెయ్యి బయటపెట్టకుండా.