నడుము మీద రెండో గుర్తు

దయ్యాల్లేవని బత్తలపల్లె సభలో, ధర్మవరం సభలో గొంతు చించుకుని వాదించినవాణ్ణి. ఇది చదివితే నాతో వాదించి ఓడినవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

పంతొమ్మిది వందల యాభైల చివర. వరసగా వానల్లేని ఏళ్లు. శింగనమల పక్క పల్లెలో మా నాయన ఎండిన బావులు లోతు చేసే పనికి పోయేవాడు. మట్టి తట్ట ఎత్తుతూ ఒకరోజు నడుము పట్టుకుని కూలబడ్డాడు. ఆ తర్వాత ఎడమ కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు.

మేనత్త వాత పెట్టిద్దామంది. మా పల్లెలో నడుం నొప్పికి కాల్చిన ఇనుమే వైద్యం. ఎప్పుడో పోయిన మా అవ్వ, నాయన తల్లి, వాతలు పెట్టేది. మెడ కింద ఉబ్బిన ఎముక దగ్గర మొదలుపెట్టి, బొటనవేలితో ఒక్కో పూసా లెక్కబెడుతూ కిందికి వచ్చేది. కాలీ కాలీ ఆ వేలి మీద గీతలన్నీ మాసిపోయాయి.

"మనిషి వీపు ఉండేది ఇనుము కాల్చి పెట్టేదానికి కాదత్తా" అని నాయనను పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాను.

"నీ సదువు మా అన్నను నడిపిస్తే సంతోషమేలేప్పా" అంది అత్త, వెంట బయలుదేరుతూ.

ఆపరేషన్ రోజు ఉదయం డాక్టరు నాయనను బోర్లా పడుకోబెట్టి, రెండు తుంటి ఎముకల పైఅంచులు తడిమి, వాటిని కలుపుతూ అడ్డగీత గీశాడు. అది నాలుగో నడుము పూస మీదుగా పోతుందట. దాన్నిబట్టి, కోయాల్సిన చోట ఊదా మందుతో గుర్తు పెట్టాడు. శాస్త్రమంటే ఇదీ అని నా ఛాతీ పొంగింది.

గంటసేపు ఆ గది గుమ్మంలోనే కూర్చున్నాను. ఎవరూ లోపలికి రాలేదు. లేచి దుప్పటి సర్దబోతే, డాక్టరు గుర్తుకు ఒక పూస పైన మరో ఊదా మచ్చ. బొటనవేలి ముద్ర. అందులో గీతల్లేవు.

"మీ అవ్వ వచ్చినాది. ఆడ కాదు, ఈడ అని నొక్కి పోయినాది" అన్నాడు నాయన. అప్పటికింకా మత్తు ఇవ్వలేదు.

అత్త పనే అనుకున్నాను. వరండాలో ఆమెకు సంగతి చెప్పి, చేతులు తిప్పి చూశాను. మరక లేదు.

"నన్నేం సూస్తావప్పా? పూసలు లెక్కబెట్టేదానికి నాకు పది దాటితే లెక్కే రాదు" అంది.

డాక్టరు చూస్తే మమ్మల్ని ఏమనుకుంటాడోనని సిగ్గేసింది. స్పిరిట్ దూదితో ఆ ముద్రను తుడిచేశాను.

"తుడిసినావా?" అన్నాడు నాయన.

"ఊ" అన్నాను.

డాక్టరు తన గుర్తు దగ్గరే కోశాడు. వారానికి రెండో కాలు కూడా పడిపోయింది. మద్రాసులో మెడ నుంచి తుంటి దాకా ఎక్స్‌రే తీశారు. నడుములో అయిదు పూసలుండాల్సిన చోట నాయనకు ఆరున్నాయి. తుంటి వైపు నుంచి లెక్కిస్తే ఒకటి తప్పుతుంది, మెడ నుంచి లెక్కిస్తే తప్పదు. జబ్బు ఉన్నది నేను తుడిచిన చోట. అప్పటికే నరం చచ్చిపోయిందన్నారు.

కొందరికి ఒక పూస ఎక్కువుంటుందట. అది నాకు అర్థమైంది. ఆ ముద్ర ఎవరిదో, గుమ్మంలో నేనుండగా ఎలా పడిందో ఈనాటికీ అర్థం కాలేదు. దయ్యాల్లేవనే ఇప్పటికీ అంటాను. సభల్లో మాత్రం మాట్లాడటం మానేశాను.

నాయన నాలుగేళ్లు మంచంలోనే ఉండి చనిపోయాడు. రోజూ పొద్దున తడిగుడ్డతో ఆయన వీపు తుడిచేది నేనే. ఆ చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయేది.

"ఇంకేముండాది ఆడ, తుడువప్పా" అనేవాడు.