పులికిచ్చిన మాట

మొన్న వనపర్తిలో మనవరాలి బడికి వెళితే, ఆవు, పులి కథ చెప్పి, మాట తప్పకూడదని పిల్లలందరి చేత ఒక్క గొంతుతో పలికించి కూర్చోబెట్టారు. ఎందుకు తప్పకూడదని ఒక్కరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండింది. కథ చెప్పి, ఆలోచించే పని కూడా మనమే చేసిపెట్టడం నాకు ఏనాడూ గిట్టలేదు.

రెండువేల తర్వాతి ఆ కరువు సంవత్సరాల్లో నేను లింగాల దగ్గరి ఒక పల్లెలో మూడో తరగతికి చెప్పేదాన్ని. దసరా దాటిందంటే కూలీలను కుదిర్చే గుంపు మేస్త్రీలు ఇంటింటికీ తిరిగి మాట తీసుకుని, జనాన్ని పై రాష్ట్రాల కాలువ పనులకు లారీల్లో ఎక్కించుకుపోయేవారు, వాళ్ళ వెంట మా తరగతిలో సగం మంది పిల్లలూ పోయేవారు. అట్లాంటి రోజుల్లో, దూడకు పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చి తిరిగి వెళ్ళిన ఆ ఆవు కథే చెప్పి, పులికిచ్చిన మాట కూడా నిలబెట్టుకోవాలా అని అడిగి ఊరుకున్నాను. పిల్లలు రోజుల తరబడి కొట్లాడుకున్నారు. మరి పులి ఆకలి సంగతేమిటని ఒకడు, భయపెట్టి తీసుకున్న మాట మాటే కాదని ఒకతె. నేను ఎవరినీ తప్పనలేదు.

ఒక పిల్ల మాత్రం నోరు విప్పకుండా వినేది. వాళ్ళమ్మ అప్పటికే మేస్త్రీకి మాటిచ్చింది. చంటి తమ్ముణ్ణి ఆడించడానికి ఈ పిల్లనూ తేవాలని మేస్త్రీ పట్టుబట్టాడట. లారీ వచ్చిన పొద్దున ఆ పిల్ల గడపలోంచి కదల్లేదు.

"మాటిచ్చింది ఆవు, దూడ కాదు గద. నేను రాను, బడికి పోత" అన్నదట.

తల్లి కాసేపు కూతురి మొహం చూసి, "అది రాదంట, నడువుండ్రి" అని మేస్త్రీతో అని, పిల్లను నాయనమ్మకు అప్పగించి, చంకలో చంటివాడితో లారీ ఎక్కిందట. ఆమెకు కష్టమే అయింది, కాదనను. ఆ సంగతి విన్నప్పుడు నాకు ఏడుపూ వచ్చింది, గర్వమూ కలిగింది.

మేస్త్రీ నేరుగా బడికొచ్చి, పిల్లలకు తనను పులి అనడం నేర్పానని మా పెద్దసారు దగ్గర గోల పెట్టాడు. నేను ఆయన పేరే ఎత్తలేదు, పోలిక ఆయనకే తట్టింది. పెద్దసారు మంచివారే గాని గొడవంటే భయం. ఇకమీదట నీతి బోర్డు మీద రాసి ముగించమనీ, లేదంటే పైకి రాస్తాననీ అన్నారు. రాసుకోమన్నాను. మర్నాడు ఇంకో కథ చెప్పి ఇంకో ప్రశ్న వేశాను. ఏడాది తిరిగేసరికి తిమ్మాజిపేటకు బదిలీ చేశారు. అక్కడ మాత్రం పిల్లలు లేరా, కథలు లేవా?

మా వైపు కాలువల్లో నీళ్ళొచ్చాక ఆ లారీలు తగ్గాయి, సంతోషమే. తరగతుల్లో ఇప్పుడు ఖాళీ జాగా కనబడదు. కాని మొన్న వనపర్తి బడిలో అంత నిండుగా కూర్చున్న పిల్లల్లో, నేను రాను అని చెప్పగలిగే పిల్ల ఎవరా అని ఎంత వెతికినా నాకు కనబడలేదు.