ఏకాంబరం మామ బిందె పన్ను

మా ఏకాంబరం మామకు ఒకటే పిచ్చి. కలర్ తాగే ప్రతివాడి దగ్గరా పన్ను వసూలు చెయ్యాలి. కలరంటే ఎర్రగానో పచ్చగానో సీసాలో బుసబుసలాడే తీపి సోడా. మద్రాసు వాషర్‌మెన్‌పేట్‌లో మా వీధి మొగదల దాన్ని తయారుచేసేదీ ఆయనే, అమ్మేదీ ఆయనే, పన్ను వేసేదీ ఆయనే. పన్ను డబ్బు కాదు. సీసాకు ఒక బిందె నీళ్లు. కొట్టు ముందున్న చేతిపంపు కొట్టి, బిందె నింపి, కొట్టు వెనకనున్న డ్రమ్ములో పోసి వస్తే తప్ప మామ సీసాలోని గోలీ లోపలికి నొక్కడు.

"గవర్మెంటు ఆల్రెడీ పన్నేస్తా ఉండాది గదా మామా, నీదొకటా?" అన్నాను ఒకసారి.

"వాళ్లేసేది సీసాకు, కామేశం. నేనేసేది పొట్టకు. అంత చక్కెర ఒళ్లు వంచకుండా లోపలికి పోతే ఒళ్లు ఏమయ్యేది?"

కడుపుతో ఉన్నవాళ్లకూ, అరవై దాటినవాళ్లకూ మాత్రం మినహాయింపు. మా ఎదురింటి నాగలింగం జార్జి టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి. రోజుకు రెండు రోజ్ కలర్లు పడకపోతే ఆయనకు దినం గడవదు. తనకు అరవై దాటాయని ఆయన ఒకరోజు ఒట్టేసి చెప్పాడు.  మామ ఆయన తల్లిని పిలిపించి అడిగాడు. "వీడికి యాభై రెండే గదప్పా, ఎవురు చెప్పింది అరవై అని?" అంది ఆ మహాతల్లి. కొడుకు బిందె అందుకున్నాడు.

ఒకసారి సేల్స్ టాక్స్ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఎండకు తాళలేక ఒక ఆరెంజ్ కలర్ అడిగాడు. మామ బిందె చూపించాడు.

"నేనెవరో తెలుసా? టాక్స్ ఆఫీసర్ని!"

"అట్లయితే పన్ను ఎందుకు కట్టాలో మీకు ఇంకొకరు చెప్పాలా సార్?"

ఆఫీసరు చొక్కా చేతులు మడిచాడు. బిందె నింపి వచ్చి, ఇరవై ఏళ్ల సర్వీసులో తన చేత పన్ను కట్టించినవాడు ఇతనొక్కడేనని మెచ్చుకుని వెళ్లాడు.

పెళ్లివాళ్లనూ వదల్లేదు. బాలసుందరం గారి అమ్మాయి పెళ్లికి మగపెళ్లివారు వంద కలర్లు కావాలని కబురు పెట్టారు. వంద బిందెలని మామ తిరుగు కబురు పంపాడు. పట్టుపంచెలు ఎగగట్టి మగపెళ్లివారంతా పంపు దగ్గర వరసకట్టారు. మేళగాళ్లు పంపు చప్పుడుకు తగ్గట్టు తాళం అందుకున్నారు. మగపెళ్లివారి చేత పని చేయించినందుకు బాలసుందరం గారు సంతోషంతో మామ చేతులు పట్టుకుని వదల్లేదు.

ఇలా నవ్వుకుంటూ కట్టిన పన్నే డెబ్బై అయిదో సంవత్సరం ఎండాకాలంలో గొడవయింది. నీళ్లు బాగా అడుక్కు పోయాయి. నలభై సార్లు కొడితే గానీ బిందె నిండేది కాదు. అప్పుడు మామ ప్రకటించాడు, రేపటి నుంచి సీసాకు రెండు బిందెలని.

ఆ సాయంత్రం వీధంతా కొట్టు ముందు చేరింది.

"నీళ్లు తగ్గితే పన్ను తగ్గాల గదన్నా?" అన్నాడు నాగలింగం.

"నీళ్లు తగ్గినప్పుడే పన్ను పెరగాల."

"మాకు తెలీదనుకోబాక! మా చేత నీళ్లు కొట్టించి, ఆ నీళ్లతోనే సోడా చేసి మాకే అమ్ముతా ఉండావు!"

మామ ముఖం ఎర్రబడింది. ఏదో చెప్పబోయి మింగేశాడు. "ఇష్టం లేనోళ్లు తాగబాకండి. పన్ను మాత్రం తగ్గేది లేదు," అని లోపలికి వెళ్లిపోయాడు.

మరునాటి నుంచి వీధిలో ఒక్కరూ ఆయన కలర్ ముట్టలేదు. నేనూ ముట్టలేదు. సీసాలు దుమ్ము కొట్టుకుపోతున్నాయి.

నాలుగో రోజు పొద్దున ఆఫీసుకు పోతూ చూస్తే, మామ ఒక్కడే పంపు కొడుతున్నాడు. అరవై ఆరేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. బిందె భుజానికెత్తుకుని డ్రమ్ము దగ్గరకు నడిచాడు. సాయం పడదామని వెనకే వెళ్లాను. డ్రమ్ము అవతల ఎప్పుడూ మూసి ఉండే తలుపు ఆ రోజు తెరిచి ఉంది. తలుపు అవతల ఇరుకు సందులో ఏడు పెంకుటిళ్లు. అక్కడ చూపు ఆనని ముసలమ్మ, పక్షవాతం వచ్చిన టైలరు, నెలలు నిండిన పిల్ల, అందరి గుమ్మాల్లోనూ ఖాళీ బిందెలే. మామ డ్రమ్ములో నీళ్లు పోసి, నన్ను చూడకుండానే మళ్లీ పంపు దగ్గరకు వెళ్లాడు.

"పన్ను నీళ్లు ఈడికేనా వచ్చేది?" అని ఆ ముసలమ్మ పొన్నుతాయిని అడిగాను.

"ఇంకెక్కడికి సామీ? ఆ ఉప్పునీళ్లతో సోడా ఎవురు చేస్తారు? ఈ ఎండలకు మాకు చాలడంలేదనే రెండు బిందెలు చేసినాడు."

నిజమే. సోడాకు మంచినీళ్ల బండి రోజూ మా కళ్ల ముందే వచ్చి ఆగేది.

"ఇన్నాళ్లూ ఎవురికీ చెప్పలేదేమి?"

"చెప్తే దానమయిపోతాదంట. దానమయితే మేము దినామూ ఒకరికి దండం పెట్టాల. పన్నయితే ఎవురి మొహమూ చూడబళ్లేదని ఆయన మాట. మాకూ అదే బాగుండాది."

నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అంత పెద్ద మనసును అంత పెద్ద మొండితనం వెనక దాచుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. ఆఫీసు మానేసి, తిన్నగా నాగలింగం ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

నాగలింగం క్షమాపణలు చెప్పే రకం కాదు. కొట్టుకొచ్చి రెండు రోజ్ కలర్లు అడిగాడు. నాలుగు బిందెల పన్ను. తలవంచుకుని, ఎంతో శాంతంగా, గుళ్లో అభిషేకానికి నీళ్లు తెచ్చినట్టు భక్తిగా పంపు కొట్టసాగాడు.

మామ నా వంక ఒకసారి చూశాడు. నేనే చెప్పేశానని ఆయనకు అర్థమైంది. గబగబా నాగలింగం దగ్గరకు వెళ్లి చెవిలో గొణిగాడు.

"ఏంది నీ వాలకం? దయ తలిచి కొట్టేటోడి మాదిరి ఉండావే! లోపలోళ్లకు తెలిస్తే రేపట్నించి ఒక్కరూ బిందె ముట్టరు. తిట్టు!"

"ఎవుర్ని?"

"నన్నే! గట్టిగా, సందులోకి వినపడాల!"

నాగలింగం గొంతు సవరించుకుని, పంపు పిడి రెండు చేతులా పట్టుకుని, వీధి అదిరేలా అరిచాడు:

"రెండు బిందెలా? ఇదేం అన్యాయం పన్నయ్యా, దుర్మార్గుడా!"

"ఇంకా గట్టిగా," అన్నాడు మామ, ఆనందంగా గోలీ నొక్కుతూ.