రంగు వేయని ఇల్లు

మా ఎదురింటి ఖాలా చనిపోయింది. ఆ కబురు అందినప్పుడు నేను కరీంనగర్‌లో, యూనివర్సిటీ ల్యాబ్‌లో కూర్చుని మా పరిశోధన వ్యాసానికి ఒక బొమ్మ సరిచేస్తున్నాను. ఫోన్ చేసింది అవ్వ, మా అమ్మ.

"ఖాలా పోయింది బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగి గోడకు ఒరిగి కూసున్నదట. గట్లనే పోయింది."

గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. ఫోన్ పెట్టేసి మళ్లీ కంప్యూటర్ వైపు చూశాను. ఆ బొమ్మలో రెండు గీతలున్నాయి. పైకప్పుకు తెల్లరంగు వేసిన ఇళ్లలో మధ్యాహ్నపు వేడి ఎంతో కింది గీత చెబుతుంది. రంగు వేయని ఇళ్లలో ఎంతో పైగీత చెబుతుంది. ఖాలా ఇల్లు పైగీతలో ఉంది.

మా రెండిళ్లకు బంధుత్వమేమీ లేదు. ఖాలా భర్త, మా బాపు ఒకే బొగ్గుబాయిలో పనిచేశారు. మా అవ్వ ఆమెను అక్కా అని పిలిచేది కాబట్టి నాకు ఖాలా అయింది, అంటే పెద్దమ్మ వరస. భర్త తొందరగా పోతే ఆమె బట్టలు కుట్టి కొడుకును పెంచింది. నా స్కూలు డ్రెస్సులు, మొదటి లంగాఓణీ, పీజీలో చేరినప్పటి సల్వార్లు, అన్నీ ఆమె చేతివే. బాపు రిటైరయ్యాక మేము స్లాబు వేసుకున్నాం. ఖాలా వాళ్లది సిమెంటు రేకుల ఇల్లుగానే ఉండిపోయింది.

ఎండాకాలంలో ఆమె మిషను ఒక్కచోట ఉండేది కాదు. పొద్దున అరుగు మీద, పదకొండు దాటాక గోడ పక్కన, ఆ నీడా పోతే లోపలికి. లోపల మధ్యాహ్నం రేకుల కింద కూర్చుంటే తలమీద పెనం బోర్లించినట్టుండేది. గుమ్మానికి తడి చీర వేలాడదీసి, పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని కుట్టేది. ఏమడిగినా ముందు "మ్మ్" అనేది. సూదులన్నీ గుడ్డకు గుచ్చాకే మాట. ఎవరైనా ఎండను తిడితే మాత్రం నవ్వేది. "గంత దూరంల ఉన్నదానికి నీ తిట్లు ఇనవడ్తయా? జర నీళ్లు తాగు" అనేది.

నా పరిశోధన ఆ ఎండ గురించే. ప్రపంచమంతా వేడెక్కుతోంది, ఆ వేడి ముందుగా తగిలేది రేకుల కింద బతికేవాళ్లకు. అందరికీ ఏసీలు పెట్టలేం, పెడితే భూమి ఇంకా వేడెక్కుతుంది. ఎండను వెనక్కి తిప్పికొట్టే తెల్లరంగు కప్పు మీద వేస్తే లోపల నిజంగా ఎంత చల్లబడుతుంది? అది తేలాలంటే ఒకే వాడలో, ఒకే ఎండాకాలంలో, రంగు వేసిన ఇళ్లనూ వేయని ఇళ్లనూ పక్కపక్కన పెట్టి కొలవాలని మా గైడ్ మేడం అన్నారు. మా బస్తీ అయితే బాగుంటుందని చెప్పింది నేనే.

మొదట ఎవరూ ఒప్పుకోలేదు. వేడి కొలవడానికి లోపల వేలాడదీసే అగ్గిపెట్టెంత యంత్రాన్ని చూసి, కరెంటు బిల్లు పెంచడానికి వచ్చామనుకున్నారు. ఖాలా సూదులు తీసి, "ముందుగాల నా ఇంట్ల పెట్టు బేటీ. బిల్లు వస్తే నాకే వస్తది కదా" అన్నది. అంతే, వాడంతా దారికొచ్చింది. నేను ఎన్ని రోజులు తిరిగినా కానిది ఆమె ఒక్క మాటతో అయింది. నా పరిశోధన అక్కడి నుంచే మొదలైంది.

ఎవరి ఇంటికి రంగో, ఎవరికి కాదో చీటీలు తీయాలి. మనిష్టం మీద ఎంచుకుంటే ఫలితానికి విలువ ఉండదు. రంగు రాని ఇళ్లకు వానలయ్యాక మేమే వేయిస్తామని అందరికీ చెప్పాం. ఖాలా అరుగు మీదే స్టీలు గిన్నెలో చీటీలు కలిపాం. ఖాలా తన చీటీ తనే తీసి నా చేతికిచ్చింది. విప్పి చూశాను. రంగు లేదు.

"గింతేనా? వానలైనంక ఏస్తరు కదా. యాడికి పోతది" అని గిన్నె పక్కింటామె ముందుకు జరిపింది.

ఆ ఎండాకాలం ముందెన్నడూ లేనంత కాసింది. ఒక మధ్యాహ్నం ఆమె కొడుకు ఆటోలో సున్నం బస్తా తెచ్చి దింపాడు. కప్పు మీద సున్నం పూసినా కొంత చల్లబడుతుందని ఎవరో చెప్పారట. ఖాలా నన్ను పిలిచి అడిగింది.

"బేటీ, గీ సున్నం ఏస్తే మీ లెక్క చెడ్తదా?"

ఇలాంటిది వస్తే ఏం చెప్పాలో మేడం ముందే నేర్పారు. ఎవరైనా, ఎప్పుడైనా, కారణం చెప్పకుండా ఇందులోంచి తప్పుకోవచ్చు. ఆ మాట అలాగే చెప్పాను. చెప్పి ఊరుకుంటే సరిపోయేది.

"నీ ఇష్టం ఖాలా. ఎప్పుడన్నా తప్పుకోవచ్చు. కాకపోతే రంగులేని ఇండ్లల్ల ఇద్దరు తాళాలేసి ఊర్లకు వోయిండ్రు. నీదీ పోతే నా పని సగంల ఆగుతది."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను ఏడుపు ముఖం పెట్టి ఉంటాను. "అట్లయితే ఉండనీ. నీ చదువు ఖరాబ్ గావద్దు" అన్నది. ఆ సున్నాన్ని దర్గా ప్రహరీకి ఇచ్చేసింది.

తర్వాత కొద్ది రోజులకే మిషను మీద కుడుతూ కుడుతూ కళ్లు తిరిగి పడిపోయింది. కొడుకు ఆసుపత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించాడు. నేను మేడమ్‌కి చెప్పగానే, "ఆ ఇంటిని లెక్కలోంచి తీసెయ్. రేపే రంగు వేయించు" అన్నారు. ఆ మాట మోసుకుని ఖాలా దగ్గరికి పోయాను. ఆమె మంచం మీద కూర్చుని గ్లూకోజు నీళ్లు తాగుతోంది.

"రేపు రంగేస్తరు ఖాలా. మేడం చెప్పింది."

"ఎందుకు? గిన్ని దినాలు ఓర్సుకున్న. ఇప్పుడేస్తే గా ఓర్సుకున్నదంతా దండుగే కదా. రోహిణి కార్తె పోతే అయిపాయె. నువ్వు పరేషాన్ గాకు."

ఆ క్షణంలో నాకు కలిగింది ఊరట. ఎంత దాచుకుందామన్నా దాగదు, అది ఊరటే. ఇంకోసారి గట్టిగా చెప్పాలి. చేయి పట్టుకుని, వద్దు ఖాలా, వేయించుకో అనాలి. నేను తల ఊపి లేచాను.

గుమ్మం దగ్గర ఆమె కొడుకు ఆపాడు. నాకంటే చిన్నవాడు, ఎన్నడూ నా ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజూ మెల్లగానే అన్నాడు.

"అక్కా, మా అమ్మీ నీ మాట తీసెయ్యది. గా సంగతి నీకు ఎరికుండే అడిగినవ్."

చెప్పులేసుకుని ఎదురుగా మా ఇంట్లోకి పోయాను.

రోహిణి దాటింది, వానలు పడ్డాయి. అవి తెరిపి ఇచ్చాక మాట ప్రకారం మిగిలిన ఇళ్లన్నిటికీ రంగు వేయించాం. ఖాలా వాకిట్లో నిలబడి, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. "మంచిగున్నది, పెండ్లింటి లెక్క. గీ ఎండాకాలం రానీ, ఆరాంగ కూసుంట" అన్నది. ఆ ఎండాకాలం రాకముందే పోయింది.

ఆమె గుండె ఆగడానికి, అంతకుముందరి ఎండకు సంబంధం ఉందా? మేడమ్‌ని అడిగాను. "ఒక్క మనిషి విషయంలో ఎవరమూ చెప్పలేం" అన్నారు. అది శాస్త్రం చెప్పే నిజమే. నన్ను ఓదార్చడానికీ చాలదు, శిక్షించడానికీ చాలదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆమె బతుకులో చివరి ఎండాకాలం కాస్త చల్లగా గడిచే వీలుండింది. నా చదువు కోసం అది అలా గడవలేదు.

వ్యాసం అచ్చయింది. రెండు గీతల మధ్య తేడా ఎవరూ కాదనలేనంత స్పష్టంగా వచ్చింది. పక్క పట్టణంలో రేకుల బస్తీలకు రంగు వేయడానికి మున్సిపాలిటీ వాళ్లు ముందుకొచ్చారు. మనకన్నా ఎండలు ముదిరిన దేశాల నుంచి, మా దగ్గరా ఇలాగే చేసి చూస్తామని ఉత్తరాలు వస్తున్నాయి. సభల్లో చప్పట్లు కొడతారు. కింది గీత చూసి కొడతారు. పైగీత లేకపోతే కింది గీతకు అర్థమే లేదు. పైగీతలో మధ్యాహ్నాలున్నాయి, తడి చీర కట్టిన గుమ్మాలున్నాయి. మనుషుల పేర్లు రాయకూడదన్నది మా నియమం, వాళ్ల మేలు కోసమే పెట్టినది. అందుకే ఖాలా పేరు ఆ వ్యాసంలో ఎక్కడా లేదు. ఇక్కడా రాయడం లేదు. పేరు రాస్తే ఆ ఇల్లెక్కడో చెప్పినట్టవుతుంది. ఆమె చేత బేటీ అనిపించుకున్న నేను ఆమె గురించి రాయడం ఇదే మొదటిసారి.

మొన్న ఎండలు మొదలయ్యాక ఇంటికి పోయాను. ఎదురింటికి వెళ్లాలా వద్దా అని గేటు దగ్గరే నిలబడ్డాను. ఖాలా కొడుకు నిచ్చెన మీద ఉన్నాడు. బాయిల నుంచి వచ్చే బొగ్గు దుమ్ము పేరుకుని కప్పు మసిబారింది. అలా ఉంటే రంగు పనిచేయదని అతనికి మేమే చెప్పాం. చీపురుతో రుద్దుతున్నాడు. నన్ను చూశాడు. చీపురుతో కింద నీళ్లు కారుతున్న పైపు వైపు చూపించాడు.

"ఉత్తగ నిలబడితే ఎట్లక్కా? గా పైపు పట్టు."

పైపు ఎత్తి పట్టాను. "జర పైకి" అన్నాడు, పైకి పట్టాను. రేకుల గాడుల్లోంచి నల్లటి నీళ్లు జారి మా ఇద్దరి కాళ్ల మధ్య వాకిట్లో పడుతున్నాయి. అతను రుద్దిన చోటల్లా, ఎండకు కళ్లు చెదిరేలా, తెలుపు బయటపడుతోంది.